ఇంట గెలిచి రచ్చ గెలవడం ఎలా? పుదుచ్చేరి గాలిమరల పరిశ్రమ చెప్పే ఎగుమతి పాఠం

పుదుచ్చేరి: దేశంలో పవన విద్యుత్ కేంద్రాలున్న రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల జాబితాలో పుదుచ్చేరి పేరు కనిపించదు. అయినా గుజరాత్ తీరంలోనో, అనంతపురం మెట్టల్లోనో తిరిగే గాలిమరల గుండెకాయ పుదుచ్చేరిలో తయారై ఉండవచ్చు. గాలిమర శిఖరాన గేర్‌బాక్సును, జనరేటరును ఇముడ్చుకొనే పెట్టెను నాసెల్ అంటారు. దేశీయ సంస్థ సుజ్లాన్ వీటిని తయారుచేస్తున్న చోట్లలో దామన్‌తో పాటు పుదుచ్చేరి కూడా ఉంది.

స్వచ్ఛ ఇంధనం వైపు ప్రపంచం మళ్లుతున్న కొద్దీ ఇలాంటి యంత్రాలకు గిరాకీ పెరగాలి. వాటిని తక్కువ ఖర్చుతో తయారుచేసే దేశానికి ఎగుమతులు కలిసిరావాలి. కానీ 2025లో ఆ లెక్క తప్పింది. అమెరికా సుంకాలు, చైనా విధించిన అరుదైన లోహాల ఆంక్షలు, ఐరోపా కార్బన్ నిబంధనలు ఒకే ఏడాదిలో ఎగుమతిదారులను చుట్టుముట్టాయి. ఈ పరిస్థితిలో భారత్ ముందున్న దారులేమిటో, పుదుచ్చేరి నుంచి కాకినాడ వరకు విస్తరించిన తీరప్రాంత పరిశ్రమకు అవి ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్యాంశాలు

• దేశంలో ఏటా సుమారు 18 గిగావాట్ల గాలిమరలను తయారుచేయగల సామర్థ్యం ఉంది. 2024-25లో కొత్తగా స్థాపితమైనవి 4.15 గిగావాట్లు.

• 2025 ఆగస్టులో గాలిమరలు, వాటి విడిభాగాలలోని ఉక్కు, అల్యూమినియంపై అమెరికా 50 శాతం సుంకాన్ని వర్తింపజేసింది.

• 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య కార్బన్ సరిహద్దు పన్ను పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. గాలిమరల ఉక్కు స్తంభాలు దాని పరిధిలోకి వస్తాయి.

• గాలిమర భాగాలలో దేశీయ వాటాను 64 శాతం నుంచి 85 శాతానికి పెంచాలన్నది కేంద్రం ఉద్దేశం.

ఒకే విపణిని నమ్ముకున్న పట్టణం

ఎగుమతులు పుదుచ్చేరికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో ఇక్కడ నేసి, నీలిమందు అద్దిన ‘గినీ’ వస్త్రం ఫ్రెంచి వర్తకుల చేతుల మీదుగా పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌కు చేరేది. అక్కడ అది దాదాపు నాణెంలా చలామణి అయ్యేది. ఫ్రెంచి వలస వాణిజ్యం ఉన్నంత కాలం ఆ మగ్గాలకు, మిల్లులకు పని దొరికింది. 1898లో మొదలైన ఆంగ్లో-ఫ్రెంచి టెక్స్‌టైల్స్ ఒకప్పుడు పట్టణంలో వేలాది కుటుంబాలకు జీవనాధారం. నష్టాలు, పాతబడిన యంత్రాలు, 2011 డిసెంబరులో వచ్చిన ‘థానే’ తుపాను మిగిల్చిన దెబ్బల తరువాత 2020లో ఆ మిల్లు శాశ్వతంగా మూతపడింది.

వస్త్ర పరిశ్రమ సన్నగిల్లిన ఈ ప్రాంతంలో ఇంజినీరింగ్, ఔషధ, ఎలక్ట్రికల్ పరిశ్రమలు క్రమంగా చోటు చేసుకున్నాయి. గాలిమరల తయారీ అందులో భాగమే. అందువల్ల ఇక్కడి ప్రశ్న విదేశీ మారకానికే పరిమితం కాదు. ఒక తరం కార్మికులకు మిల్లు మూసివేత నేర్పిన పాఠం మరో తరానికి మరో పరిశ్రమలో పునరావృతం కాకూడదన్నదే అసలు విషయం.

తీరం వెంట పరిశ్రమల వరుస

గాలిమర ఒకే కర్మాగారంలో తయారయ్యే వస్తువు కాదు. రెక్కలు, స్తంభం, నాసెల్, గేర్‌బాక్స్, జనరేటర్, పెద్ద బేరింగులు వేర్వేరు చోట్ల తయారై గాలిమర నిలిపే చోట ఒక్కటవుతాయి. సుజ్లాన్ 3 మెగావాట్ల శ్రేణి గాలిమరలో రెక్కల చక్రం వ్యాసం 144 మీటర్లు. ఒక్కో రెక్క పొడవు సుమారు 70 మీటర్లు. ఇంతటి సరుకును ఇరుకు రోడ్ల మీద దూరాలకు తరలించడం కష్టం కాబట్టి కర్మాగారాలు గాలి వీచే ప్రాంతాలకో, రేవులకో దగ్గరగా వెలుస్తాయి.

దక్షిణ కోరమాండల్ తీరం ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది. చెన్నై పరిసరాల్లో వెస్టాస్, నార్డెక్స్ వంటి ఐరోపా సంస్థల యూనిట్లు ఉన్నాయి. సీమెన్స్ గమేసా నాసెళ్లను చెన్నై సమీపంలో, రెక్కలను నెల్లూరు ప్రాంతంలో తయారుచేసే ఏర్పాటు చేసుకుంది. కోయంబత్తూరులో గేర్‌బాక్సులు తయారవుతాయి. అనంతపురం జిల్లాలో సుజ్లాన్‌కు రెక్కల కర్మాగారం ఉంది. తూత్తుకుడి రేవు గాలిమర రెక్కల ఎగుమతికి పేరు తెచ్చుకుంది. పుదుచ్చేరి పట్టణ రేవులో పెద్ద ఓడలు ఆగలేవు. ఇక్కడి భారీ సరుకు చెన్నై, ఎన్నూరు రేవులకో, కేంద్రపాలిత ప్రాంతానికే చెందిన కారైక్కాల్ రేవుకో చేరాలి. 2009లో మొదలైన కారైక్కాల్ రేవును 2023లో అదానీ పోర్ట్స్ స్వాధీనం చేసుకుంది.

విదేశీ సంస్థల యూనిట్లు తమ మాతృసంస్థల ప్రపంచ గిరాకీలో భాగంగా భాగాలను, యంత్రాలను బయటకు పంపుతాయి. సుజ్లాన్ వంటి దేశీయ సంస్థలు ప్రస్తుతం ప్రధానంగా దేశీయ ఆర్డర్ల మీదే నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ నుంచి సుజ్లాన్‌కు దక్కిన 1,166 మెగావాట్ల ఆర్డరు అందుకు ఉదాహరణ. రెండు నమూనాలూ ఒకే తీరంలో పక్కపక్కనే ఉన్నాయి. వాణిజ్య ఒడిదుడుకులు రెండింటినీ వేర్వేరుగా తాకుతాయి.

సామర్థ్యం ఎక్కువ, వినియోగం తక్కువ

దేశంలో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025 మార్చి 31 నాటికి 50 గిగావాట్లు దాటింది. చైనా, అమెరికా, జర్మనీల తరువాత భారత్‌ది నాలుగో స్థానం. గుజరాత్, తమిళనాడు, కర్ణాటక ముందువరుసలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 4,100 మెగావాట్లు, తెలంగాణలో 128 మెగావాట్లు ఉన్నాయి. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్లు సాధించాలన్న జాతీయ లక్ష్యంలో పవన విద్యుత్ వాటా సుమారు 100 గిగావాట్లు.

అయితే ఏటా 18 గిగావాట్లు తయారుచేయగల పరిశ్రమకు 2024-25లో దేశీయంగా స్థాపితమైన 4.15 గిగావాట్లు నాలుగో వంతు పని కూడా కాదు. దేశీయ స్థాపన రెట్టింపు అయినా మిగులు సామర్థ్యం ఉండిపోతుంది. ఎగుమతుల అవసరం ఇక్కడ పుడుతుంది.

బయటి విపణి కూడా చూసినంత విశాలమేమీ కాదు. ప్రపంచ పవన విద్యుత్ మండలి లెక్కల ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా 117 గిగావాట్ల గాలిమరలు ఏర్పాటయ్యాయి. అందులో మూడింట రెండు వంతులకు పైగా చైనాలోనే. చైనా విపణిలో స్థానిక సంస్థలదే ఆధిపత్యం. మిగిలిన దాని కోసం ఐరోపా, అమెరికా, భారత్ తయారీదారులతో పాటు చైనా సంస్థలూ పోటీ పడుతున్నాయి. 2030 నాటికి ప్రపంచ పవన విద్యుత్ గిరాకీలో 10 శాతాన్ని, 2040 నాటికి 20 శాతాన్ని భారత్ తీర్చగలదని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రి ప్రహ్లాద్ జోషి 2025 అక్టోబరులో చెన్నైలో జరిగిన ‘విండర్జీ ఇండియా’ సదస్సులో అన్నారు. ఆ లక్ష్యం నెరవేరాలంటే తక్కువ ధర ఒక్కటే సరిపోదు.

అమెరికా: తలుపు తెరిచేలోపే మారే నిబంధన

2025 ఏప్రిల్ 2న భారత్ సరుకులపై 26 శాతం ప్రతీకార సుంకాన్ని అమెరికా ప్రకటించింది. వారం తిరగకుండానే దాన్ని నిలిపివేసింది. ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం మొదలైంది. రష్యా చమురు కొనుగోళ్లను కారణంగా చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం జోడించింది. అయిదు నెలల్లో ఇన్ని మార్పులు వచ్చాయి. ఒక గాలిమర ఆర్డరు ఖరారై సరుకు ఓడ ఎక్కడానికి సాధారణంగా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ధర చెప్పిన నాటి సుంకం వేరు, సరుకు దిగిన నాటి సుంకం వేరు.

గాలిమరలకు ఇంకో అడ్డంకి ఉంది. ఉక్కు, అల్యూమినియంపై విధించిన 50 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 18 నుంచి ఆ లోహాలతో చేసిన మరెన్నో వస్తువులకు విస్తరించారు. గాలిమరలు, వాటి భాగాలు ఆ జాబితాలో చేరాయి. జాతీయ భద్రత కోణంలో గాలిమరల దిగుమతులపై అమెరికా వాణిజ్య శాఖ అదే నెలలో విడిగా దర్యాప్తు ప్రారంభించింది. భారత్ నుంచి వెళ్లే గాలిమర స్తంభాలపై 2021లోనే డంపింగ్ వ్యతిరేక సుంకం, సబ్సిడీ ప్రతికూల సుంకం అమల్లోకి వచ్చాయి.

గిరాకీ కూడా అక్కడ తగ్గుముఖం పట్టే సూచనలున్నాయి. 2025 జులై 4న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన చట్టం పవన, సౌర ప్రాజెక్టులకు లభించే పన్ను రాయితీలను కుదించింది. 2026 జులై 4లోగా నిర్మాణం మొదలుకాని ప్రాజెక్టులు 2027 చివరికల్లా పూర్తయితేనే రాయితీ దక్కుతుంది.

ఒకే విపణిపై ఆధారపడితే ఏమవుతుందో సౌర ఫలకాల రంగం చూపుతోంది. 2023-24లో భారత్ నుంచి దాదాపు 200 కోట్ల డాలర్ల విలువైన సౌర ఫలకాలు ఎగుమతి అయ్యాయి. అందులో 97 శాతానికి పైగా అమెరికాకే వెళ్లాయి. 2025 జులైలో అమెరికా సౌర తయారీదారులు భారత్, ఇండొనేసియా, లావోస్‌ల మీద డంపింగ్ ఫిర్యాదు దాఖలు చేశారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే సంస్థలతో సహా పలు సౌర తయారీ సంస్థలకు దేశీయ గిరాకీయే అప్పుడు అండగా నిలిచింది. సెనెగల్ విపణిని నమ్ముకున్న పుదుచ్చేరి నేతకు, అమెరికాను నమ్ముకున్న సౌర ఫలకానికి మధ్య ఒక శతాబ్దానికి పైగా దూరం ఉన్నా ప్రమాదం ఒకటే.

ఐరోపా: సుంకం కాదు, కార్బన్ లెక్క

ఐరోపా సమాఖ్య తీరు వేరు. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్ దిగుమతులకు కార్బన్ సరిహద్దు సర్దుబాటు విధానాన్ని అది తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి 2025 డిసెంబరు వరకు ఎగుమతిదారులు ఉద్గారాల వివరాలు ఇస్తే సరిపోయింది. 2026 జనవరి 1 నుంచి ఆ ఉద్గారాలకు దిగుమతిదారు వెల చెల్లించాలి. బ్రిటన్ కూడా 2027 జనవరి నుంచి ఇలాంటి పన్ను అమలుచేయనుంది.

గాలిమరకు ఇది ఎలా వర్తిస్తుంది? స్తంభం విడిగా వెళ్తే ఉక్కు నిర్మాణాల శీర్షిక కింద కార్బన్ పన్ను పరిధిలోకి వస్తుంది. నాసెల్, జనరేటర్ వంటి యంత్రాలు తొలి జాబితాలో లేవు. కానీ ఉక్కు, అల్యూమినియం ఎక్కువగా ఉండే తయారీ వస్తువులకూ దీన్ని విస్తరించాలని ఐరోపా కమిషన్ 2025 డిసెంబరులో ప్రతిపాదించింది. ఈ దిశ తెలిసిన తయారీదారు ముందే సిద్ధపడక తప్పదు.

ఇక్కడ తరచూ తప్పుగా అర్థం చేసుకొనే విషయం ఒకటుంది. కర్మాగారం కప్పు మీద సౌర ఫలకాలు పరిస్తే కార్బన్ పన్ను తగ్గిపోతుందన్న అభిప్రాయం సరికాదు. ఉక్కు ఉత్పత్తులకు ప్రస్తుత నిబంధనల్లో తయారీ ప్రక్రియలో నేరుగా వెలువడే ఉద్గారాలనే లెక్కిస్తారు. వాడిన విద్యుత్తు తాలూకు ఉద్గారాలను సిమెంటు, ఎరువుల విషయంలో మాత్రమే కలుపుతారు. అంటే స్తంభం మీద పడే భారాన్ని నిర్ణయించేది దాన్ని వెల్డింగ్ చేసిన షెడ్డు కాదు, పలకను పోతపోసిన ఉక్కు కర్మాగారం. భారత్‌లో టన్ను ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. 2024 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన హరిత ఉక్కు వర్గీకరణ 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలున్న ఉక్కునే ‘హరిత’మని గుర్తిస్తుంది.

కర్మాగారం వాడే విద్యుత్తుకు ప్రాధాన్యం లేదని దీని అర్థం కాదు. పెద్ద కొనుగోలుదారులు సరఫరా గొలుసు మొత్తంలో ఉద్గారాల వివరాలు అడుగుతున్నారు. ఇక్కడ పుదుచ్చేరికి సహజమైన పరిమితి ఉంది. ఈ ప్రాంతానికి సొంతంగా చెప్పుకోదగ్గ విద్యుత్ కేంద్రం కారైక్కాల్‌లోని 32.5 మెగావాట్ల గ్యాస్ కేంద్రం ఒక్కటే. మిగతాది నైవేలి, రామగుండం వంటి కేంద్ర బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి, అణు విద్యుత్ కేంద్రాల నుంచి కొంటారు. స్వచ్ఛ ఇంధన యంత్రాలను తయారుచేసే చోట బొగ్గు విద్యుత్తు వాడాల్సి రావడం ఒక వైరుధ్యం. 2022 జూన్‌లో వచ్చిన హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు దీనికి దారి చూపాయి. అంతకుముందు ఒక మెగావాటు వాడకం ఉన్నవారికే దక్కిన అవకాశం ఇప్పుడు 100 కిలోవాట్ల వారికీ ఉంది. చిన్న విడిభాగాల యూనిట్లు సైతం పొరుగు రాష్ట్రాల గాలి, సౌర విద్యుత్తును నేరుగా కొనుక్కోవచ్చు.

అయస్కాంతం ఎక్కడిది?

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల అరుదైన భూమూలకాలు, వాటితో చేసిన అయస్కాంతాల ఎగుమతిపై అనుమతి విధానం తెచ్చింది. విద్యుత్ వాహనాల పరిశ్రమ దీనితో ఎక్కువగా ఇబ్బంది పడింది. కొన్ని రకాల గాలిమరల జనరేటర్లలోనూ శాశ్వత అయస్కాంతాలు టన్నుల కొద్దీ అవసరమవుతాయి.

సాంకేతిక ఎంపిక ఇక్కడ రక్షణగా మారింది. గేర్‌బాక్సుతో పనిచేసే డబ్లీ ఫెడ్ ఇండక్షన్ జనరేటర్లలో రాగి తీగచుట్టలే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. వాటికి అరుదైన లోహాల అయస్కాంతాలు అక్కర్లేదు. సుజ్లాన్ 144 మీటర్ల శ్రేణిలో ఈ రకమే ఉంది. సముద్రంలో నెలకొల్పే భారీ గాలిమరలకు మాత్రం శాశ్వత అయస్కాంతాలవైపే మొగ్గు ఉంటుంది. భారత్ ఆ రంగంలోకి వెళ్లాలంటే అయస్కాంతాల సమస్య తీరాల్సిందే.

ఈ దిశలో 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం రూ. 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఏటా 6,000 టన్నుల శాశ్వత అయస్కాంతాల తయారీ సామర్థ్యం దాని లక్ష్యం. విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్ సంస్థ నెలకొల్పిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏటా 3,000 కిలోలు మాత్రమే. అవసరానికి, ఉన్నదానికి మధ్య అంతరాన్ని ఈ అంకె చెబుతుంది.

గత పాఠాలు: బయట తగిలిన దెబ్బ, ఇంట తగిలిన దెబ్బ

భారత గాలిమరలు విదేశాలకు వెళ్లడం ఇదే మొదటిసారి కాదు. 1995లో తులసి తంతి స్థాపించిన సుజ్లాన్ 2006లో బెల్జియం గేర్‌బాక్స్ సంస్థ హాన్సెన్‌ను కొనుగోలు చేసింది. 2007లో జర్మనీ సంస్థ రీపవర్‌పై పట్టు సాధించింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రెక్కల కర్మాగారం పెట్టింది. ఆ వెంటనే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. 2008లో అమెరికాలో కొన్ని రెక్కల్లో పగుళ్లు బయటపడటంతో వెయ్యికి పైగా రెక్కలను బలపరచాల్సి వచ్చింది. విదేశీ కొనుగోళ్ల కోసం తెచ్చిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 2012 అక్టోబరులో సుమారు 20.9 కోట్ల డాలర్ల విదేశీ బాండ్లకు సంస్థ సకాలంలో చెల్లింపు చేయలేకపోయింది. 2015లో జర్మనీ విభాగాన్ని అమ్ముకుంది.

కథ అక్కడితో ఆగితే విదేశాలకు వెళ్లకపోవడమే మేలన్న నిర్ణయానికి రావచ్చు. కానీ ఇంటి విపణి కూడా ఆ తరువాత దెబ్బతీసింది. 2017 ఫిబ్రవరిలో పవన విద్యుత్తుకు తొలి పోటీ వేలం జరిగింది. యూనిట్ ధర రూ. 3.46కు పడిపోయింది. రాష్ట్రాలు పాత ధరలకు ఒప్పందాలు చేసుకోవడం మానేశాయి. 2016-17లో సుమారు 5.5 గిగావాట్లుగా ఉన్న కొత్త స్థాపన మరుసటి ఏడాది 1.8 గిగావాట్లకు దిగింది. కర్మాగారాలకు పని లేకుండా పోయింది.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమల్లో ఉన్న పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను సమీక్షించడానికి పూనుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఒప్పంద ధరల ప్రకారం బకాయిలు చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచి తీర్పు ఇచ్చింది. ఆ మూడేళ్లలో మదుపరుల విశ్వాసం సడలింది. అదే రాష్ట్రం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చి రూ. 10 లక్షల కోట్ల పెట్టుబడులను ఆకర్షించాలని సంకల్పించింది.

విదేశీ సుంకం ఎంత అనిశ్చితో, స్వదేశీ ఒప్పందం నిలకడలేమి కూడా అంతే అనిశ్చితి. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెత వర్తించాలంటే ముందు ఇంటి కట్టుబాటు నిలబడాలి. నిలకడైన దేశీయ గిరాకీ ఉన్న తయారీదారు ఒక విదేశీ తలుపు మూసుకున్నా మరో తలుపు తట్టే వ్యవధిని సంపాదిస్తాడు. అది లేనివాడు మొదటి దెబ్బకే కర్మాగారం మూస్తాడు.

యానాం పొరుగున మరో ప్రయోగం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారి నేల యానాం. దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడలో ఇదే సూత్రాన్ని మరో సరుకుతో పరీక్షిస్తున్నారు. ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తయారుచేసే కర్మాగారానికి ఏఎం గ్రీన్ సంస్థ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. ఐరోపా కొనుగోలుదారులు దాని ప్రధాన లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు.

అమ్మోనియాకు ఐరోపా పెట్టే పరీక్ష మరింత కఠినం. హైడ్రోజన్ తయారీకి వాడే పునరుత్పాదక విద్యుత్తు కొత్తగా నెలకొల్పిన కేంద్రాల నుంచే రావాలి. 2029 చివరి వరకు నెలవారీగా, 2030 నుంచి గంట గంటకూ ఉత్పత్తి, వాడకం సరితూగాలి. సూర్యుడు అస్తమించాక కూడా కర్మాగారం హరిత విద్యుత్తుతో నడవాలంటే గాలి విద్యుత్తు, నిల్వ రెండూ కావాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ వంటి ప్రాజెక్టుల ప్రాముఖ్యం అందులో ఉంది. గాలిమరల తయారీకి కూడా ఇక్కడ కొత్త దేశీయ గిరాకీ పుడుతుంది. నాసెల్‌ను ఓడలో పంపడం కష్టమైన రోజున, ఆ నాసెల్ పుట్టించిన విద్యుత్తును అమ్మోనియా రూపంలో పంపవచ్చు.

గ్రీన్ అమ్మోనియాలోనూ ఇంటి గిరాకీకి ప్రభుత్వం పునాది వేసింది. దేశంలోని 13 ఎరువుల కర్మాగారాలకు ఏటా 7.24 లక్షల టన్నుల సరఫరా కోసం సౌర ఇంధన సంస్థ ‘సెకి’ 2025లో వేలం నిర్వహించింది. విదేశీ కొనుగోలుదారు వెనక్కి తగ్గినా సరుకుకు చోటు ఉండేలా చేయడం దీని పరోక్ష ప్రయోజనం.

వ్యూహంలోని నాలుగు అంచెలు

ఇప్పటివరకు తీసుకున్న నిర్ణయాలను, పరిశ్రమ అవసరాలను కలిపి చూస్తే నాలుగు అంచెల వ్యూహం కనిపిస్తుంది.

మొదటిది విడిభాగాల స్వావలంబన. 2025 జులై 31న కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ ఆమోదిత గాలిమరల జాబితా నిబంధనలను సవరించింది. రెక్కలు, స్తంభం, గేర్‌బాక్స్, జనరేటర్, ప్రత్యేక బేరింగులను ఆమోదిత తయారీదారుల నుంచే కొనాలి. గాలిమరల సమాచార కేంద్రం దేశంలోనే ఉండాలి. చిన్న తయారీదారులకు ఇది అవకాశం. అయితే నాణ్యత, ధర ప్రపంచ స్థాయిలో లేకపోతే అదే నిబంధన ఎగుమతికి భారమవుతుంది. రక్షణ ఎంతకాలమో ముందే చెప్పడం రెండు పక్షాలకూ మేలు.

రెండోది విపణుల విస్తరణ. యూఏఈతో 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరు నుంచి వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. స్విట్జర్లాండ్, నార్వే సభ్యులుగా ఉన్న ఎఫ్టా కూటమితో ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలు జరిగాయి. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు 2026 జనవరి 27న ప్రకటించారు. సుంకం తగ్గినా కార్బన్ లెక్క తప్పదన్నది ఈ ఒప్పందాలతో గుర్తుంచుకోవలసిన విషయం.

మూడోది ఉద్గారాల రుజువు. కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని కేంద్రం 2023లో నోటిఫై చేసింది. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు సహా కొన్ని రంగాలకు ఉద్గార లక్ష్యాలు ఖరారు చేసింది. పెద్ద సంస్థలు లెక్కలకు నిపుణులను పెట్టుకోగలవు. యాభై మంది పనిచేసే ఫౌండ్రీకి ఆ స్తోమత ఉండదు. పారిశ్రామిక వాడ మొత్తానికి ఉమ్మడి కొలత, ధ్రువీకరణ సేవ ఏర్పడితేనే చిన్న యూనిట్లు ఎగుమతి గొలుసులో మిగులుతాయి. పుదుచ్చేరి వంటి చిన్న ప్రాంతంలో ఇది సాధ్యమయ్యే పని.

నాలుగోది ఆర్థిక ఆసరా. 2025 నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం రూ. 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. ఆరేళ్లపాటు చిన్న, మధ్యతరహా ఎగుమతిదారులకు రుణ సదుపాయం, నాణ్యతా ప్రమాణాల అనుసరణకు సాయం అందించడం దాని ఉద్దేశం. గాలిమరలు, సౌర పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది దేశీయ గిరాకీకి ఊతం.

ఇకపై గమనించవలసినవి

వచ్చే రెండు మూడేళ్లలో కొన్ని అంశాలు ఈ రంగం దశను నిర్ణయిస్తాయి. దేశంలో ఏటా కొత్తగా ఏర్పాటయ్యే పవన విద్యుత్ సామర్థ్యం నిలకడగా పెరుగుతుందా? వేలంలో గెలిచిన ప్రాజెక్టులకు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు సకాలంలో కొనుగోలు ఒప్పందాలు చేసుకుంటాయా? అంతర్రాష్ట్ర విద్యుత్ ప్రసార రుసుము మినహాయింపు 2025 జూన్ 30 తరువాత ఏటా 25 శాతం చొప్పున తగ్గుతున్నందున గాలిమరలకు అనువైన కొత్త ప్రాంతాలు ముందుకు వస్తాయా? ఐరోపా కార్బన్ పన్ను యంత్రాలకూ విస్తరిస్తుందా?

అమెరికా సుంకాన్ని గానీ, ఐరోపా నిబంధనను గానీ పుదుచ్చేరి కార్మికుడు మార్చలేడు. ఆ నిర్ణయాలు న్యూఢిల్లీ చేతుల్లో కూడా పూర్తిగా లేవు. ఒప్పందానికి కట్టుబడటం, బకాయిలు సకాలంలో చెల్లించడం, ఉక్కును శుభ్రం చేయడం, చిన్న యూనిట్‌కు కొలత సాయం అందించడం మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి. విదేశీ అనిశ్చితిని తట్టుకొనే బలం పరిశ్రమకు ముందుగా వీటి నుంచే సమకూరుతుంది.